స్పృహలో ఉన్న నాన్నగారి బదులు నేను సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరింది. గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం చేయవద్దని ఆయనే చెబుతున్నారు. ఆసుపత్రివారు నన్ను సంతకం పెట్టమంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు ససేమిరా అంటున్నాడు. సంతకం పెడితే అది నేరమవుతుందా?

జవాబు: కాదు. కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 21వ అధికరణం కింద ఉన్న జీవించే హక్కులోనే గౌరవంగా మరణించే హక్కు కూడా ఇమిడి ఉందని, నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్న రోగి ప్రాణం నిలిపే చికిత్సను సైతం నిరాకరించవచ్చని తీర్పు చెప్పింది. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం ఇప్పటికీ నేరమే.

నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. ఆయన స్పృహలో ఉండగా సంతకం మిమ్మల్ని ఎందుకు అడుగుతున్నారు? నిర్ణయం ఆయనది. డాక్టరు ఆయనతోనే మాట్లాడి, ఆ మాటను కేస్ షీట్‌లో రాయాలి. మిమ్మల్ని సంతకం పెట్టమంటున్న కాగితాన్ని పూర్తిగా చదవండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి నిర్ణయం గుండె ఆగినప్పుడు చేసే ప్రయత్నానికే వర్తిస్తుంది. నొప్పి తగ్గించే మందులు, ఆక్సిజన్, నర్సింగ్ సేవలు యథాతథంగా కొనసాగాలి. 'వైద్యుల సలహాకు విరుద్ధంగా ఇంటికి తీసుకెళ్తున్నాం' అని అందులో ఉంటే అది పూర్తిగా వేరే పత్రం, దాని మీద సంతకం పెట్టకండి.

స్పృహ తప్పితే ఏమిటన్నది అసలు చిక్కు. అందుకని స్పృహ లేనప్పుడు ఏ చికిత్స వద్దో ముందే చెప్పే పత్రం, అంటే ముందస్తు వైద్య నిర్దేశ పత్రం, ఇప్పుడే ఆయన చేత రాయించండి. 2023 జనవరి 24న కోర్టు ఈ పద్ధతిని సులభం చేసింది కనుక ఇద్దరు సాక్షుల ఎదుట, వీలైతే బంధువులు కానివారి ఎదుట, ఆయన సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. తన తరఫున సమ్మతి తెలపవలసిన వారి పేర్లు కూడా అందులో ఉండాలి. తమ్ముడి పేరు చేర్చాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. చేర్చితే రేపు అతని సమ్మతి కూడా అవసరమవుతుంది. స్పృహ తప్పిన తరువాత ఆ పత్రాన్ని అమలు చేయాలంటే ఆసుపత్రి వేసే రెండు వైద్య బోర్డులు ఒకదాని తరువాత ఒకటి పరిశీలిస్తాయి. ఒక్కొక్కటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. మేజిస్ట్రేటుకు తెలియజేయాలే తప్ప, మేజిస్ట్రేటు అనుమతి కోసం ఆగనక్కరలేదు.

తమ్ముడికి వీటో లేదు. అయినా వీడియో కాల్‌లో నాన్నగారే అతనికి స్వయంగా చెబితే మంచిది. మీ నోట విన్నప్పుడు నమ్మనిది ఆయన నోట వింటే నమ్మవచ్చు. ఆయనే మనసు మార్చుకుంటే ఆ పత్రాన్ని ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.