ఎవరు పంపారు, ఎవరు విన్నారు

తమ్ముడూ,

మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద నడిచే గెస్టులకి, అంటే ఆ ఒక్క యంత్రాన్ని పంచుకునే సిస్టమ్‌లకి, "ఇక దిగండి" అనే సిగ్నల్ ఎలా వెళ్తుందో రాసిన నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మెట్రోలో నిలబడి ఫోన్‌లో చదివాను. రెండోసారి ఇంటికొచ్చి ప్రింటు తీసుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ప్రింటు తీశానంటే నచ్చినట్టే లెక్క. నచ్చనివాటికి కాగితం దండగ చెయ్యను.

"మెయిన్‌ఫ్రేమ్ మీద తెలుగులో రాస్తే ఎవరు చదువుతారక్కా" అని అడిగావు. అమీర్‌పేటలో గోడలకి వేలాడిన బోర్డులు చూసి కోబాల్, జేసీఎల్ లాంటి మెయిన్‌ఫ్రేమ్ భాషలు నేర్చుకుని, వై2కే రోజుల్లో విమానం ఎక్కినవాళ్లు మనలో ఎంతమంది లేరు? ఏళ్ల తరబడి ఆ యంత్రం మీదే బతికాం. మా ప్రోగ్రాముల కింద ఏం జరుగుతోందో మాత్రం మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వాళ్లు చదువుతారు. చదవకపోయినా రాయి.

ఇక కోతల సంగతి. మొదటి పేరా మొత్తం కొట్టేశాను. "నేటి ఆధునిక సాంకేతిక యుగంలో కంప్యూటర్ల పాత్ర అనిర్వచనీయం" అన్నది సోలార్ పంపుల మీద వ్యాసానికైనా అతుకుతుంది, ఒక్క మాట మార్చక్కర్లేదు. అలా ఎక్కడైనా అతికే వాక్యానికి నీ వ్యాసంలో చోటు లేదు.

రెండో పేరా చరిత్ర, ఒకే మెయిన్‌ఫ్రేమ్‌ని చాలా వర్చువల్ మెషీన్లుగా పంచే సాఫ్ట్‌వేర్‌ది. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో సీపీ-40, దాని తర్వాత సీపీ-67, 1972 ఆగస్టు 2న ఐబీఎమ్ వీఎమ్/370ని ప్రకటించడం. అన్నీ సరిగ్గానే రాశావు. కానీ అవన్నీ అక్కడ నిలబడి ఏం చేస్తున్నాయి? పెళ్లికొచ్చి ఎవరినీ పలకరించకుండా భోంచేసి వెళ్లిపోయిన చుట్టాల్లా ఉన్నాయి. ఆ చరిత్రకి నీ విషయంతో నిజంగానే సంబంధం ఉంది, అది చెప్పు. ఆ రోజుల్లో వీఎమ్ మీద గెస్టులంటే ఎక్కువగా సీఎమ్ఎస్‌లు, అంటే ఒక్కరే వాడుకునే చిన్న సిస్టమ్‌లు, మనిషికొకటి చొప్పున. పని అయిపోతే ఆ మనిషే లాగాఫ్ అయ్యేవాడు. ఎమ్‌వీఎస్ లాంటి పెద్ద గెస్టు ఉంటే ఆపరేటరు దాని కన్సోల్ ముందు కూర్చుని, జాబులన్నీ ఆగేదాకా చూసి, చివర్లో జెడ్ ఈఓడీ అని కొట్టి దింపేవాడు. అంటే ప్రతి గెస్టు దగ్గరా ఒక మనిషి ఉన్నాడు. 1999 డిసెంబరులో ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్స్ నడపడానికి కావాల్సిన ప్యాచులు బయటపెట్టింది. తర్వాత ఒకే పెట్టె మీద పదులు, వందల లినక్సులు ఎక్కాయి. ఒక్కోదాని దగ్గరా కూర్చునే మనిషి ఇక ఎక్కడ? గెస్టులన్నిటినీ నడిపే హైపర్‌వైజరే "దిగండి" అని అందరికీ ఒక్కసారి చెప్పాల్సిన అవసరం అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. ఇలా రాస్తే నీ 1972 ఊరికే నిలబడదు, పనికొస్తుంది.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. నీ వ్యాసంలో "బడు"లు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ఈ మూడు వాక్యాలు నీవే:

"సంకేతం పంపబడుతుంది. అతిథి వ్యవస్థచే అది స్వీకరించబడుతుంది. నిర్ణీత కాలంలో వ్యవస్థ మూసివేయబడుతుంది."

తెలుగులో కర్మణి వాడకూడదని వ్యాకరణం మేష్టారిలా చెప్పడం లేదు. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. నువ్వు రాస్తున్న విషయంలో ఎవరు పంపారు, ఎవరు విన్నారు, ఎవరు దింపారు అన్నదే మొత్తం కథ. "బడు" సరిగ్గా ఆ "ఎవరు"నే మింగేస్తుంది. నీకు తెలియనిచోటే "బడు" పడిందని నా అనుమానం. కాదంటే చెప్పు, చెంపలేసుకుంటాను.

ఆ మూడు వాక్యాల వెనక నిజంగా జరిగేది ఇది. జెడ్/వీఎమ్‌లో, అంటే ఆ పాత వీఎమ్‌కి ఇప్పటి రూపంలో, హైపర్‌వైజర్ పేరు సీపీ. సీపీకి గెస్టు లోపల ఏముందో తెలియదు. అది లినక్సో, ఇంకోటో, లోపల డేటాబేస్ నడుస్తోందో లేదో దానికి కనపడదు. దానికి కనపడేది ఒక వర్చువల్ మెషీన్: ఇన్ని ప్రాసెసర్లు, ఇంత మెమరీ, ఈ డిస్కులు. కాబట్టి సీపీ లోపలికి దూరి షట్‌డౌన్ కమాండ్ కొట్టలేదు. అది చెయ్యగలిగింది తలుపు తట్టడమే. ఆ తట్టడం ఒక ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్, హెక్స్‌లో దాని కోడ్ 2401. లినక్స్ చేస్తున్న పని ఆపి, "ఏంటి సంగతి" అని ఎస్‌సీఎల్‌పీ అనే సర్వీసు దారిలో అడుగుతుంది. అక్కడ "ఇక సర్దుకో" అనే కబురు ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది నువ్వసలు రాయనేలేదు. తట్టినా వినాలని ముందే ఒప్పుకున్న గెస్టుకే ఈ కబురు వెళ్తుంది. లినక్స్ బూట్ అయ్యేటప్పుడే "ఫలానా రకం కబుర్లు వస్తే నాకివ్వండి" అని చెప్పి పెట్టుకుంటుంది. అలా చెప్పని గెస్టుకి సిగ్నల్ పంపమని నువ్వడిగితే, అది వినే స్థితిలో లేదని సీపీ నీకే తిరిగి చెబుతుంది. నీ వ్యాసంలో పంపడం గురించి నాలుగు పేజీలుంది. వినడం గురించి ఆ ఒక్క "స్వీకరించబడుతుంది" తప్ప ఏమీ లేదు. నేనైతే వ్యాసాన్ని వినే వైపు నుంచి మొదలుపెడతాను.

వినే వైపు ఎంత తమాషాగా ఉంటుందో చూడు. లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని గుండెకాయ లాంటి ప్రోగ్రాములో, ఈ కబురు అందుకునే ఫైలు చాలా చిన్నది, కావాలంటే టీ తాగేలోపు చదివెయ్యొచ్చు. అందులో చివరికి పిలిచే ఫంక్షన్ పేరు కంట్రోల్-ఆల్ట్-డిలీట్! మెయిన్‌ఫ్రేమ్ గెస్టుకి కీబోర్డే లేదు, అయినా ఎవరో ఆ మూడు మీటలూ కలిపి నొక్కారన్నట్టే కెర్నల్ ప్రవర్తిస్తుంది. ఆ మూడు మీటలకి అర్థం ఏంటో తేల్చేది కెర్నల్ కాదు, ఆ లినక్స్‌ని సెటప్ చేసిన మనిషి. ఇది రాయకుండా నువ్వు వర్చువలైజేషన్ ప్రయోజనాల మీద ఒకటిన్నర పేజీ ఖర్చుపెట్టావు చూడు, అక్కడ నాకు కోపమొచ్చింది.

ఆ అర్థం నన్ను ఒకసారి ఎలా ముంచిందో చెప్తాను. నా పేరు పెట్టకపోతే నీ వ్యాసంలో వాడుకోవచ్చు. అప్పట్లో నేను హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్. అమెరికాలో ఒక క్లయింటు డేటాసెంటర్‌లో హార్డ్‌వేర్ పని ఉందని మొత్తం జెడ్/వీఎమ్‌ని దింపాలన్నారు. షట్‌డౌన్ వితిన్ 300 అని కొట్టాను. అంటే వినేవాళ్లందరికీ సిగ్నల్ పంపు, 300 సెకన్లు ఆగు, ఆ తర్వాత నువ్వు దిగిపో అని. కన్సోల్ మీద ఒక్కొక్కరి పేరుతో, పని సక్రమంగా ముగించినట్టు మెసేజ్ వస్తోంది. ఒకటి, రెండు, ఆరు, పది. ఒకే ఒక్క గెస్టు మిగిలింది. దాని కన్సోల్ చూస్తే అక్షరాలు జరజరా కదులుతున్నాయి. దిగుతోందిలే, డేటాబేస్ ఉంది కదా, టైం పడుతుంది అనుకున్నాను. మిషన్ దగ్గరికెళ్లి టీ పట్టుకొచ్చాను.

తిరిగొచ్చి సరిగ్గా చదివితే అవి దిగేటప్పటి మెసేజ్‌లు కావు, బూట్ మెసేజ్‌లు! అది చక్కగా దిగింది, దిగి మళ్లీ లేచింది. లేచి, సెలవునుంచి వచ్చిన గుమాస్తాలా ఎంతో శ్రద్ధగా డేటాబేస్ తెరవడం మొదలుపెట్టింది. ఈలోగా 300 సెకన్లూ అయిపోయాయి. సీపీ తన మాట ప్రకారం దిగిపోయింది. తెరుస్తున్న డేటాబేస్ తెరుస్తున్నట్టే నడిమధ్యలో తెగిపోయింది.

కారణం ఒక్క అక్షరం. ఆ రోజుల్లో లినక్స్‌లో ఇనిట్‌ట్యాబ్ అనే ఫైలు ఉండేది. కంట్రోల్-ఆల్ట్-డిలీట్ వస్తే ఏం చెయ్యాలో అందులో ఒక లైను. మామూలుగా వచ్చే ఆ లైనులో షట్‌డౌన్ పక్కన ఆర్ ఉంటుంది, అంటే రీబూట్. పీసీ ముందు కూర్చున్నవాడికి అదే కావాలి. మెయిన్‌ఫ్రేమ్ మీద మాత్రం దాన్ని హెచ్‌గా, అంటే హాల్ట్‌గా, మార్చుకోవాలి. అన్ని గెస్టుల్లోనూ మార్చారు, ఒక్కదాంట్లో మర్చిపోయారు. సిగ్నల్ వెళ్లింది, గెస్టు విన్నది, వినగానే కదిలింది కూడా. కానీ దానికి అర్థమైంది వేరు. పొద్దున్న డిస్కు చెక్ నడిచి, డేటాబేస్ రికవరీ అయి, అంతా మామూలయ్యేసరికి నా షిఫ్ట్ అయిపోయి నాలుగు గంటలైంది. ఇంటికెళ్లే క్యాబు కూడా వెళ్లిపోయింది.

ఇప్పుడు ఇనిట్‌ట్యాబ్ పోయి సిస్టమ్‌డీ వచ్చింది. సమస్య పేరు మార్చుకుందంతే. కంట్రోల్-ఆల్ట్-డిలీట్ వస్తే ఏం చెయ్యాలో చెప్పే టార్గెట్ మామూలుగా రీబూట్ వైపే చూపిస్తుంది, దాన్ని పవరాఫ్ వైపు తిప్పాలి. ఎవరూ తిప్పకపోతే నా రాత్రి నీకూ వస్తుంది.

ఇప్పుడు నీ మూడో వాక్యం మళ్లీ చదువు: "నిర్ణీత కాలంలో వ్యవస్థ మూసివేయబడుతుంది." ఎవరు మూశారు? ఆ రాత్రి గెస్టు తనను తాను మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది, చివరికి సీపీ మూసేసింది. మూడు పనులకి ఇద్దరు కర్తలు. నీ వాక్యంలో అదంతా ఎక్కడికి పోయింది?

మాటల ఎంపిక గురించి. హైపర్‌వైజర్‌ని "అధినియంత్రకం" అన్నావు. ఇంటరప్ట్‌ని "అంతరాయ సూచిక" అన్నావు. తెలుగు మీద ప్రేమ నాకు అర్థమైంది. కానీ ఆ మాటలు ఏ డేటాసెంటర్‌లోనూ ఎవరి నోటా నేను వినలేదు, నువ్వూ విని ఉండవు. ఫోన్‌లో నాతో మాట్లాడేటప్పుడు "గెస్టు దిగట్లేదక్కా" అన్నావు కదా, అది రాయి. దిగడం, లేవడం, పడిపోవడం, వేలాడటం: యంత్రాల గురించి మనవాళ్లు రోజూ వాడే క్రియలు ఎంత బాగున్నాయో చూడు. నామవాచకాలు ఇంగ్లీషువైతే అవనీ. క్రియలు మనవైతే వాక్యం మనదే అవుతుంది. ఈ విషయంలో నాతో పోట్లాడే పెద్దలున్నారు, వాళ్ల మాట కూడా విను. కానీ ముందు నా మాట విను.

"అతిథి"ని మాత్రం ఒక్కసారి వాడుకోనిస్తాను. ఇంటికొచ్చినవాళ్లకి తాంబూలం పళ్లెం అందించామంటే ఇక బయల్దేరమనే కదా. మెడపట్టి గెంటం, వాళ్లే లేచి చెప్పులు వేసుకునేదాకా ఆగుతాం. సిగ్నల్‌కీ, గెస్టుని లాగాఫ్ చేయించే ఫోర్స్ కమాండ్‌కీ తేడా ఈ ఒక్క పోలికతో తేలిపోతుంది. ఫోర్స్‌కి ఇమ్మీడియెట్ అని తగిలించి గెస్టు మీద కొడితే, నడుస్తున్న మిక్సీ ప్లగ్ పీకినట్టే. కానీ నువ్వు ఆ అతిథిని పట్టుకుని విస్తరి, వడ్డన, అరుగు, పడకగది దాకా వెళ్లావు. మెమరీని పడకగది అన్నచోట నాకు నవ్వొచ్చింది, నీకది నవ్వులాటగా అనిపించలేదు. పోలిక దారి చూపించాక దాన్ని వదిలెయ్యి.

దానికి బదులు లెక్క ఒకటి పెట్టు, పాఠకుడికి చేతికేదో దొరుకుతుంది. సీపీ కాన్ఫిగరేషన్‌లో రెండు సంఖ్యలుంటాయి. సిగ్నల్ షట్‌డౌన్‌టైమ్ అంటే గడువు ప్రత్యేకంగా చెప్పనప్పుడు గెస్టుకి ఎన్ని సెకన్లు ఇవ్వాలి అన్నది. ఉత్త షట్‌డౌన్‌టైమ్ అంటే సీపీ తను దిగడానికి తన కోసం అట్టేపెట్టుకునేది. రెండోది ఎందుకు కావాలి? సీపీకి కూడా పైనుంచి సిగ్నల్ రావచ్చు కనుక. ఒక జెడ్/వీఎమ్ ఇంకో జెడ్/వీఎమ్ కింద గెస్టుగా నడవొచ్చు. అప్పుడు పైది "నీకు 300 సెకన్లు" అంటే, కిందది తన కోసం 30 తీసి పక్కనపెట్టుకుని, మిగిలిన 270లో తన గెస్టుల్ని దింపాలి. పంపేవాడే వినేవాడు కూడా అయ్యాడు. నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే అందంగా కనపడిన విషయం ఇది, నువ్వు దాన్ని అడుగున ఫుట్‌నోటులో పడేశావు. పైకి తీసుకురా.

మెమరీ వెనక్కి ఇవ్వమని సీపీ వైపు నుంచి గెస్టులకి వెళ్లే కబుర్ల గురించి చివర్లో నాలుగు లైన్లు రాశావు. అవి తీసెయ్యి. అది వేరే వ్యాసం, నిజానికి దీనికంటే పెద్దది. ఇందులో ఇరికిస్తే రెండూ పాడవుతాయి.

ఒక పని చెయ్యి. టెస్ట్ సిస్టమ్ నీ చేతిలోనే ఉందన్నావు కదా. ఒక లినక్స్ గెస్టుని లేపి, దాని టార్గెట్ రీబూట్ వైపే ఉంచి, కావాలనే సిగ్నల్ పంపు. గడియారం పక్కన పెట్టుకుని కన్సోల్ చూస్తూ కూర్చో. ఏ సెకనులో ఏ లైను వచ్చిందో నోట్‌బుక్‌లో చేత్తో రాసుకో. తర్వాత పవరాఫ్‌కి మార్చి మళ్లీ పంపు. ఆ రెండు పేజీలు ముందేసుకుని వ్యాసం కొత్తగా మొదలుపెట్టు, పాత ప్రతి తెరవకు.

రెండో ప్రతితో పాటు ఆ కన్సోల్ లాగ్ కూడా నాకు పంపు, యూజర్ ఐడీలూ ఐపీ అడ్రసులూ చెరిపేసి. వచ్చే ఆదివారం నాకు ఖాళీ. ఈసారి ఫోన్‌లో చదవను, నేరుగా ప్రింటే తీస్తాను.

నీ అక్క