పాఠకుల ప్రశ్నలు: ప్రార్థనల కింద ఆర్కిమెడీస్

ప్రశ్న: పాత గ్రంథాన్ని చెరిపేసి ఆ పత్రాల మీదే కొత్త గ్రంథం రాసేవారని, ఆ కింది రాతను ఇప్పుడు చదవగలుగుతున్నారని విన్నాను. చెరిపేసిన రాత మళ్లీ ఎలా కనిపిస్తుంది? విలువైన పుస్తకాలను చెరపడానికి వాళ్లకు మనసెలా ఒప్పింది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇటువంటి ప్రతుల్లో అత్యంత ప్రసిద్ధమైనది ఆర్కిమెడీస్ రచనలున్న చర్మపత్ర గ్రంథం కనుక, దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. పదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) తయారైన ఈ గ్రీకు ప్రతిని 1229లో యోహానెస్ మైరోనాస్ అనే లేఖకుడు విప్పదీసి, రాతను చెరిపి, పత్రాలను అడ్డం తిప్పి మడిచి, వాటి మీద క్రైస్తవ ప్రార్థనలు రాశాడు. అప్పట్లో ఒక్క పుస్తకానికి ఎన్నో జంతువుల తోళ్లు కావలసివచ్చేవి. పైగా జ్యామితిని చదివేవారు అరుదు, ప్రార్థనల అవసరం నిత్యమూ ఉండేది. ఆయన్ను తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఐరోపాలో ఆర్కిమెడీస్ రచనలకు మరి రెండు పాత గ్రీకు ప్రతులు ఉండేవి; వాటిని ఎవరూ చెరపకపోయినా రెండూ కాలక్రమంలో కనబడకుండా పోయాయి. ఇది మాత్రం ప్రార్థన పుస్తకమైనందువల్లే జెరూసలేం సమీపంలోని మార్ సాబా మఠంలో శతాబ్దాల పాటు భద్రంగా ఉంది.

రాత మిగలడానికి కారణం సిరా. మాచికాయల కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసిన ఆ సిరాలోని ఇనుము తోలులోకి ఇంకిపోతుంది కాబట్టి, పైపైన కడిగి గీకినా లేత గోధుమరంగు జాడ నిలుస్తుంది. 1906లో డెన్మార్క్ పండితుడు హైబర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఈ ప్రతిని పరిశీలించి, భూతద్దంతోనూ ఛాయాచిత్రాల సాయంతోనూ చాలా భాగం చదివి, అది ఆర్కిమెడీస్ రచనేనని తేల్చాడు. తోటి గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్‌ను ఉద్దేశించి ఆర్కిమెడీస్ రాసిన ‘పద్ధతి’ అనే గ్రంథం ఇందులో తప్ప మరెక్కడా లభించలేదు. ఒక ఘనాకృతిని పలుచని పొరలుగా ఊహించుకుని, ఆ పొరలను త్రాసు మీద మరో ఆకృతి పొరలతో తూచినట్లుగా లెక్కకట్టి ఘనపరిమాణాన్ని కనుగొన్న తీరును ఆర్కిమెడీస్ అందులో వివరించాడు. ఆయన సిద్ధాంతాలకు నిరూపణలు అంతకుముందే తెలుసు గాని, వాటిని మొదట ఎలా పసిగట్టాడో తెలిపేది ఈ గ్రంథమే.

విచిత్రమేమిటంటే, ప్రతికి పెద్ద హాని జరిగింది హైబర్గ్ చూసిన తరువాతే. ఇరవయ్యో శతాబ్దంలో అది చేతులు మారి బూజు పట్టింది. పాతవని నమ్మించడానికి కాబోలు, ఎవరో నాలుగు పత్రాల మీద బంగారు పూతతో దొంగబొమ్మలు వేశారు. 1998లో న్యూయార్క్ వేలంలో 20 లక్షల డాలర్లకు దాన్ని కొన్న అజ్ఞాత వ్యక్తి బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియానికి అప్పగించారు. అక్కడ ఒక్కొక్క పుటను వేర్వేరు రంగుల కాంతిలో ఫొటో తీశారు. ఎర్రని కాంతిలో పాత రాత దాదాపు మాయమై ప్రార్థనలే కనిపిస్తాయి. అతినీలలోహిత కాంతిలో తోలు మెరిసి రెండు రాతలూ నల్లగా తేలతాయి. ఈ రెండు చిత్రాలను కంప్యూటర్‌లో కలిపినప్పుడు అడుగు రాత ఎర్రగానూ పై రాత నల్లగానూ విడివడుతుంది. బంగారు బొమ్మల కింద మాత్రం కాంతి పనిచేయదు. అందుకే 2005 నుంచి స్టాన్‌ఫర్డ్‌లోని పరిశోధనశాలలో శక్తిమంతమైన ఎక్స్ కిరణాలతో సిరాలోని ఇనుమును గుర్తించి అక్షరాలను రాబట్టారు. ఏథెన్స్ వక్త హైపరైడీస్ ప్రసంగాలు కొన్ని ఇదే పుస్తకంలో దొరకడం అదనపు లాభం.

ప్రశ్న: మన తాళపత్రాల్లో కూడా ఇటువంటివి ఉన్నాయా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తాటాకు మీద ఇది సాధ్యమయ్యే పని కాదు. మనవాళ్లు గంటంతో ఆకును గీరి, ఆ గీతల్లో మసి పూసేవారు. మసిని తుడిచినా గీత పోదు, గీతను గీకితే ఆకే చిరుగుతుంది. ఆకు శిథిలమైతే కొత్త ఆకుల మీద నకలు రాసుకునేవారు. అయితే రాగి శాసనాల సంగతి వేరు. పాత రేకును సుత్తితో చదును చేసి కొత్త దానశాసనం చెక్కిన సందర్భాలు శాసన పరిశోధకులకు తెలుసు. చదును సరిగా కుదరని చోట కొత్త అక్షరాల మధ్య పాతవి ఇప్పటికీ తొంగిచూస్తుంటాయి.