విద్యార్థులు ఇంగ్లీషు సాహిత్యానికి కొత్త వ్యాఖ్యానం చెప్పగలగాలంటే అధ్యాపకుడు ఏం చేయాలి?

కోనసీమలో ఇరవై రెండేళ్లుగా ఎం.ఏ. విద్యార్థులకు ఇంగ్లీషు బోధిస్తున్నవాడిగా నా జవాబు ఇది: సిద్ధాంతాల పాఠాన్ని వెనక్కి జరిపి, ముందుగా మూలాన్ని విద్యార్థి చేత బిగ్గరగా చదివించి, అందులో కనిపించే నీరు, నేల, పడవ, పంట గురించి అతనికి తెలిసినదేమిటో అడగాలి. కొత్త వ్యాఖ్యానం మరో దారిలో పుట్టగా నేను చూడలేదు.

1611లో ఇంగ్లండు రాజాస్థానంలో ఆడిన షేక్‌స్పియర్ నాటకం ‘టెంపెస్ట్’నే తీసుకోండి. బయటి నుంచి వచ్చి ఒక దీవిని ఏలే ప్రాస్పెరో వలస పాలకుడనీ, ఆ దీవిలోనే పుట్టి అతనికి బానిసైన కాలిబన్ అణగారిన స్థానికుడనీ మా పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 1969లో కరీబియన్ దీవి మార్టినిక్ కవి ఎమే సెజైర్ కాలిబన్‌ను నల్లజాతి బానిసగా చేసి ఆ నాటకాన్ని తిరగరాసిన రోజుల్లో ఆ మాటకు పదును ఉండేది. ఇప్పుడది గైడులో అచ్చయిన జవాబు.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం గైడులన్నీ నా బల్ల మీద పెట్టించి, మొదటి అంకం రెండో రంగం చదివించాను. ఈ దీవిలోని మంచినీటి ఊటలూ, ఉప్పుగుంటలూ, చవిటినేలా, పంటనేలా అన్నీ ఒకప్పుడు ప్రేమతో నీకు చూపించానని కాలిబన్ ప్రాస్పెరోను నిలదీసే చోట, అంతర్వేది వైపు సముద్రపుటొడ్డు ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి చదవడం ఆపేసింది. వాళ్ల ఊళ్లో ఇసుకదిబ్బ పక్కన పైపైన చెలమ తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది, ఇంకాస్త దిగితే ఉప్పు తగులుతుంది. ఎక్కడ ఎంత తవ్వాలో వాళ్ల తాతగారికి తెలుసు. రొయ్యల చెరువుల కోసం భూమి లీజుకు తీసుకున్న ఆసామికి ఆ చోటు చూపించింది ఆయనే. ఆసామి అక్కడ లోతు బోర్లు దింపి తోడేశాక చెలమ ఉప్పెక్కింది, ఇప్పుడు ఆ ఇంట్లో తాగడానికి టిన్ను నీళ్లు కొంటున్నారు. “మాస్టారూ, కాలిబన్ ఆస్తంతా ఆ నీళ్ల జాడేనండీ. అది చెప్పేశాక ఇంక అతనితో పనేముందండీ?” అన్నది.

మాట బాగుంది గాని, తాతగారి కథ ఒక్కటే వ్యాఖ్యానమైపోదు. నాటకంలో ఈ నీళ్లు ఇంకెక్కడ ఉన్నాయో చూపించమన్నాను. రెండు రోజుల్లో మూడు చోట్లు పట్టుకొచ్చింది. అదే రంగంలో ప్రాస్పెరో, తుపానుకు దీవి చేరిన రాకుమారుడు ఫెర్డినాండ్‌తో సముద్రపు నీరు తాగిస్తానని బెదిరిస్తాడు. రెండో అంకంలో తాగిన మత్తులో కాలిబన్, మంచి ఊటలు చూపిస్తానని, అదే తుపానుకు ఒడ్డుకు చేరిన తాగుబోతు నౌకరు స్టెఫానోకు మాట ఇస్తాడు. మూడో అంకంలో స్టెఫానో తోటివాడైన విదూషకుడు ట్రింక్యులో మీద కోపంతో, వాడికి తియ్యనీటి జాడ చూపను, ఉప్పునీరే తాగుతాడు అంటాడు. దాహంతో బెదిరించడం ప్రాస్పెరోకు ఎవరి వల్ల తెలిసిందని ఆమె అడిగినప్పుడు, అన్నేళ్లుగా పాఠం చెబుతున్న నేను ఆ చోట్లన్నిటినీ ఒక్కసారైనా కలిపి చదవలేదని గ్రహించి సిగ్గుపడ్డాను. ఇందులో నేను చేసినదల్లా “ఇంకెక్కడుంది?” అని అడగడమే.

ఆమె పరీక్షలోనూ ఇదే రాసింది. గైడు జవాబు దించిన విద్యార్థుల కంటే తక్కువ మార్కులు వచ్చాయి. దిద్దినవారు కీ పేపరు దాటి ఒక్క వాక్యం కూడా చదవలేదని ప్రమాణం చేసి చెప్పగలను. అందుకే ఇప్పుడు నా క్లాసులో సొంత వ్యాఖ్యానాన్ని సెమినారులో చెప్పమనీ, పరీక్షలో మాత్రం గైడు జవాబు ముందు రాసి తమది చివరి పేరాలో చేర్చమనీ చెబుతున్నాను. ఇది పిరికితనమని సహోద్యోగి ఒకరు అన్నారు. ఆ చివరి పేరాలు చదివి పెట్టమని ఆయనకే ఒక కట్ట ఇచ్చాను, ఇంకా తిరిగి రాలేదు.