ఊరి మీటింగ్‌కి వెళ్ళేముందు

అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో, షేల్ అనే పలకరాతి పొరల్లోంచి గ్యాస్ తీసే కంపెనీలో చేరి ఆరు నెలలు కాలేదు. అప్పుడే టౌన్‌షిప్ మీటింగ్‌లో ఊరివాళ్ళ ప్రశ్నలకి నువ్వే జవాబు చెప్పాలన్నారంటే ఎవరికైనా భయమేస్తుంది. "ఫ్రాకింగ్ వల్ల నీళ్ళు పాడవవని వాళ్ళని ఎలా ఒప్పించాలి మామయ్యా?" అని అడిగావు. గ్యాస్ బావులకి ముప్పై ఏళ్ళు సిమెంట్ వేసినవాణ్ణి. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఒప్పించడమనే ఆలోచన మానుకో. నువ్వూ వాళ్ళూ వాడే మాట ఒకటే గానీ అర్థాలు వేరు. నీకు ఫ్రాకింగ్ అంటే ఐదారు వేల అడుగుల లోతున ఉన్న మార్సెలస్ షేల్‌లోకి నీళ్ళూ ఇసుకా కాసిని రసాయనాలూ గట్టి ప్రెషర్‌తో పంపి, గ్యాస్ బయటికొచ్చేలా రాయిని పగలగొట్టే కొద్ది రోజుల పని. వాళ్ళకి ఫ్రాకింగ్ అంటే తెల్లవారుజామున మూడింటికి ఇంటిముందు నుంచి పోయే ట్యాంకర్లు, రాత్రంతా వెలిగే రిగ్గు లైట్లు, బావిలోంచి తిరిగొచ్చిన ఉప్పునీళ్ళు, కుళాయి నీళ్ళ రంగు. మొదటి లారీ వచ్చిన రోజు నుంచి జరిగినదంతా అదే. "ఫ్రాకింగ్ వల్ల నీళ్ళు పాడవలేదు" అని నీ అర్థంలో నువ్వంటే, వాళ్ళ అర్థంలో అది అబద్ధం. అబద్ధం చెప్పిందన్న పేరు ఒకసారి పడిందంటే తర్వాత నువ్వు చెప్పే నిజం కూడా ఎవరికీ ఎక్కదు.

మీ పెన్సిల్వేనియాలోనే ఉన్న డిమాక్ ఊరి పేరు తప్పకుండా ఎత్తుతారు. 2009 జనవరి 1న అక్కడ ఓ ఇంటి నీళ్ళ బోరు మీథేన్ చేరి పేలిపోయింది. రాష్ట్ర అధికారులు తప్పుపట్టింది గ్యాస్ బావుల కేసింగ్‌నీ, అంటే బావిలో దింపే ఉక్కు పైపునీ, దాని చుట్టూ పోసే సిమెంట్‌నీ. అలాగని "అది ఫ్రాకింగ్ కాదండీ, సిమెంట్" అని మాత్రం అనకు. తాగే నీళ్ళు పోయినవాళ్ళకి ఆ తేడాతో పనేముంది? "అవును, జరిగింది. సిమెంట్ పని చెడితే ఇక్కడా జరగొచ్చు. జరగకుండా మేం చేస్తున్నవి ఇవీ" అని చెప్పు.

ఆ "ఇవీ" అన్నవి నిజంగా జరగాలి కదా. అందుకే సిమెంట్ వేసే రోజు రిగ్గు దగ్గర నువ్వు ఉండు. మంచినీటి పొరలు దాటేదాకా దింపిన కేసింగ్ వెనకనుంచి సిమెంట్ నేల మీదికి వచ్చిందో లేదో కళ్ళారా చూడు, రిపోర్టు చదివి సరిపెట్టుకోకు. పైపుని బావి మధ్యలో నిలిపే సెంట్రలైజర్లు సరిగ్గా వేశారా అని అడుగు. పైపు ఒక పక్కకి ఒరిగితే ఆ పక్కన డ్రిల్లింగ్ మడ్, అంటే తవ్వేటప్పుడు వాడే బురద, అలాగే ఉండిపోతుంది, సిమెంట్ చేరదు. గ్యాస్‌కి అదే దారి. సిమెంట్ గట్టిపడడానికి ఆగాల్సిన గంటల్లో, రిగ్గు అద్దె లెక్క చూపించి ఎవరు తొందరపెట్టినా కదలకు.

తర్వాత ఓ రోజు, వాన వెలిశాక, బావి మూతి చుట్టూ ఉండే సెల్లార్ గుంటలో నిలిచిన నీళ్ళ దగ్గర ఐదు నిమిషాలు కూర్చో. ఒకసారి నేనలా కూర్చున్నప్పుడే కనిపించాయి. సన్నటి బుడగలు, ఒక అంచునే, ఎసరు కాగడం మొదలైనప్పుడు గిన్నె అడుగునుంచి లేచినట్టు ఒకదాని వెనక ఒకటి. కాగితాల్లో ఆ బావి సిమెంట్ పని భేషుగ్గా ఉంది. పని ఆపించి, మళ్ళీ సిమెంట్ ఎక్కించాం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. రిగ్గు రాకముందే చుట్టుపక్కల ప్రతి ఇంటి బోరు నీళ్ళూ బయటి ల్యాబ్‌తో పరీక్ష చేయించు. గ్యాస్ కోసం ఎవరూ తవ్వకముందు నుంచే అక్కడి కొన్ని బోర్లలో మీథేన్ ఉంది. నా సర్వీసులో ఒక పాడి రైతు బూడిదరంగు నీళ్ళున్న గాజు సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆయన ఇల్లు అప్పటి చట్టం చెప్పిన దూరానికి కాస్త అవతల ఉంది కాబట్టి మావాళ్ళు ముందు శాంపిల్ తియ్యలేదు. మా వల్ల కాదని మేం చూపలేకపోయాం, మా వల్లేనని ఆయన చూపలేకపోయాడు. ఆవులకి నీళ్ళు కొనుక్కున్నాడు. ఆ సీసా ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

పెన్సిల్వేనియాలో 2012లో వచ్చిన చట్టం మెరుగే. గ్యాస్ బావికి 2,500 అడుగుల లోపు, పని అయిన 12 నెలల లోపు నీళ్ళు పాడైతే తప్పు కంపెనీదేననుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే. నువ్వు మాత్రం ఆ గీత దగ్గర ఆగకు, అవతలి ఇళ్ళకీ వెళ్ళు. ల్యాబ్ కాపీ ముందు ఇంటివాళ్ళ చేతికే అందాలి.

రసాయనాల పేర్లడిగితే అన్నీ చెప్పు. 2005లో అమెరికా కాంగ్రెస్, డీజిల్ వాడితే తప్ప, ఫ్రాకింగ్‌ని తాగునీటి చట్టంలో, భూమిలోకి ద్రవాలు ఎక్కించడంపై ఉన్న నిబంధనల నుంచి తప్పించింది. ఆ సంగతి వాళ్ళకి తెలుసు. అనుమానించడం వాళ్ళ తప్పు కాదు. ఫ్రాకింగ్ వల్ల వచ్చే భూకంపాల గురించి అడిగితే "చిన్నవే" అని కొట్టిపారెయ్యకు. ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లో 2019 ఆగస్టులో వచ్చింది 2.9 తీవ్రతే, నవంబర్‌కల్లా ప్రభుత్వం ఫ్రాకింగే ఆపేసింది.

1995 జనవరిలో కోనసీమలో పాసర్లపూడి బ్లోఅవుట్ అయి, బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మినప్పుడు నువ్వింకా పుట్టలేదు. అది షేల్ కాదు, మామూలు గ్యాస్ బావి. 65 రోజులు మండింది. నేను సెలవు మీద ఇంటికొచ్చాను. కొబ్బరి చెట్ల పైన ఎర్రటి వెలుగు చూస్తూ మీ అమ్మమ్మ నిద్రపోయేది కాదు. ఇంజనీర్ని కదా, మంట మనదాకా ఎందుకు రాదో లెక్కలు చెప్పబోయాను. "సెలవైపోగానే నువ్వెళ్ళిపోతావురా, ఇక్కడుండేది మేం కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

మీటింగ్‌లో నిన్నూ ఆ మాటే అడుగుతారు. రిగ్గు వెళ్ళిపోయాక కూడా ఫోనెత్తే మనిషి ఎవరో మీ మేనేజర్‌తో ఇప్పుడే తేల్చుకుని, ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాయించి తీసుకెళ్ళు. మీటింగ్ గురువారమన్నావు కదా. బుధవారం సాయంత్రం ఒక్కదానివే వెళ్ళి, బావికి దగ్గరున్న నాలుగిళ్ళ తలుపు తట్టు. కాఫీ ఇస్తే తాగు. నీళ్ళ శాంపిల్ తీసుకోవడానికి ఏ రోజు రమ్మంటారో అడుగు.

మామయ్య