యుగాల లెక్క రాసేటప్పుడు

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

యుగాల లెక్క మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. కలియుగం 4,32,000 ఏళ్లు, ద్వాపరం దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు, అన్నీ కలిపితే 43,20,000 ఏళ్ల మహాయుగం అన్నంతవరకు లెక్క సరిగానే ఉంది. ఆ తరువాత 71 మహాయుగాలు ఒక మన్వంతరమనీ, 14 మన్వంతరాలు ఒక కల్పమనీ, కల్పమంటే వెయ్యి మహాయుగాలనీ రాసి ముందుకు సాగిపోయావు. గుణించి చూశావా? 994 వస్తుంది. కల్పం మొదట్లో ఒకటి, ప్రతి మన్వంతరం చివర ఒకటి చొప్పున కృతయుగమంత నిడివిగల సంధికాలాలు 15 ఉన్నాయని ప్రాచీన ఖగోళగణిత గ్రంథమైన సూర్యసిద్ధాంతం చెబుతుంది. కృతయుగం మహాయుగంలో పదింట నాలుగు వంతులు గనుక, ఆ పదిహేనూ కలిసి సరిగ్గా లోటుపడిన ఆరు మహాయుగాలవుతాయి. పాఠకుడు లెక్క వేయడులే అనుకోకు.

అంకెల పక్కన ఆశ్చర్యార్థకాలు పెట్టి వదిలేయడం ఇంకా పెద్ద లోపం. అంత పెద్ద సంఖ్యతో గ్రహగతులు లెక్కగట్టే గణకుడికి ఏం పని అని నువ్వు ఒక్కసారైనా అడగలేదు. మహాయుగానికి 1,57,79,17,828 దినాలని సూర్యసిద్ధాంతం లెక్కగట్టింది. దాన్ని 43,20,000తో భాగిస్తే ఏడాదికి 365 రోజుల 6 గంటల 12 నిమిషాల పైచిలుకు వస్తుంది. రోజు మీద మిగిలే ఆ చిల్లరను భిన్నాల జోలికి పోకుండా పూర్ణసంఖ్యల్లోనే భద్రపరచాలంటే అంత పెద్ద గాదె కావాలి. చంద్రుడి లెక్కా అందులోనే ఉంది: మహాయుగానికి 5,77,53,336 ప్రదక్షిణలు. మహాయుగంలోని నాలుగు పాదాలూ సమానమని భావించిన ఆర్యభటుడు, మూడు పాదాలు గడిచి, ఆపైన అరవై అరవైలు, అంటే 3600 ఏళ్లు నిండేసరికి తన వయసు 23 అని చెప్పుకున్నాడు. అది క్రీ.శ. 499. కల్పాల గురించి రాసే నీకు ఆ ఇరవై మూడేళ్లవాడు కనబడకపోవడమే నాకు వెలితిగా తోచింది.

మన ఇళ్లలో ఈ లెక్క వినబడేది పూజ మొదట్లో చెప్పే సంకల్పంలో. శ్వేతవరాహకల్పం, వైవస్వతమన్వంతరం, కలియుగం, ప్రథమపాదం అంటూ మెట్లు దిగి, మనం ఉన్న చోటు చెప్పి, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి దాటి, కర్త గోత్రనామాల దగ్గర ఆగుతుంది. విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన పురోహితుడొకాయన మా ఇంట్లో అలవాటు కొద్దీ కృష్ణా గోదావరుల నడుమ ఉన్నామనేశాడు. మా బాబాయి కళ్లు తెరవకుండానే, "మనం శ్రీశైలానికి ఆగ్నేయంలో ఉన్నామండీ" అని సవరించాడు. కల్పం తప్పు చెబితే ఆయన పట్టేవాడో లేదో గాని, ఊరు తప్పితే మాత్రం ఊరుకోలేదు. నీ వ్యాసాన్ని ఆ మెట్ల వరసలోనే దించు.

అరవై సంవత్సరాల పేర్ల దగ్గర మరికాస్త జాగ్రత్త అవసరం. ప్రభవ అని మాత్రమే రాస్తే 1927లో మొదలైనదో, 1987లో మొదలైనదో తెలియదు. పక్కన శకసంవత్సరం వేయి. పేరు ఒకటే అయినా ప్రవేశించే రోజు అందరికీ ఒకటి కాదు. మనది చాంద్రమానం గనుక 2025లో మా వాటాలోకి మార్చి 30న విశ్వావసు వచ్చింది. సౌరమానం పాటించే మేడమీది తమిళ కుటుంబానికి ఏప్రిల్ 14 దాకా క్రోధియే నడిచింది. ఆ పక్షం రోజులూ ఒకే ఇంటి మెట్లకు కింద ఒక సంవత్సరం, పైన మరొకటి. వీలైతే దీన్ని వ్యాసంలో వాడుకో, నా పేరు అక్కర్లేదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి