మొదటి జీతాలతో కెమెరా కొనబోతున్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎమ్మెస్ అయింది, డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, మూడో జీతం పడింది. థాంక్స్‌గివింగ్ సేల్‌లో రెండు వేల డాలర్లు పెట్టి డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) కొందామని ఉంది, నికానా కెనానా అని అడిగావు. ఏది కొన్నా ఫోటోలు బాగానే వస్తాయి. నా బెంగంతా ఆ రెండు వేల గురించే. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో నువ్వు రాయలేదు.

నేను 2006లో న్యూజెర్సీలో దిగాను. మరుసటి ఏడాది ఇదే సేల్ రోజుల్లో, ఆఫీసు స్నేహితుడి మెడలో పెద్ద కెమెరా చూసి నాకూ కావాలనిపించింది. మా ఆవిడకి అప్పుడు ఐదో నెల. పుట్టబోయే బిడ్డకి మంచి ఫోటోలు తీయాలని పట్టుదల. షాపుకెళ్లి నికాన్ డి40 అడిగాను. సేల్స్‌మన్ ఒక్కొక్కటే కౌంటర్ మీద పెడుతూ పోయాడు. దూరం తీయడానికి 55-200 ఎంఎం జూమ్ (ఎంఎం అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా, ఇరుకుగా కనపడుతుంది), ట్రైపాడ్, బ్యాగు, ఫిల్టర్లు, మెమరీ కార్డు, మూడేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ, చివర్లో ఒక 50 ఎంఎం లెన్స్. బిల్లు 1,180 డాలర్లు. అప్పట్లో డాలరు 40 రూపాయల లోపే ఉండేది, అయినా 46 వేల పైచిలుకు. ఊళ్లో నాన్నగారు నా చదువుకి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఆ మాట కౌంటర్ దగ్గర గుర్తొచ్చింది కూడా. కానీ పన్నెండు నెలలు వడ్డీ లేదనగానే స్టోర్ కార్డు (ఆ షాపు అప్పు కార్డు) కాగితం మీద సంతకం పెట్టేశాను.

నెలకి 90 డాలర్ల చొప్పున కడుతూ వచ్చాను. ఏడాది తిరిగేసరికి ఇంకా వంద మిగిలింది. వందే కదా, వచ్చే నెల కట్టేద్దామనుకున్నాను. తరవాతి బిల్లులో ఆ వంద మీద 160 డాలర్ల పైన వడ్డీ వేసి ఉంది. ఫోన్ చేస్తే చెప్పారు: కొన్న రోజు నుంచీ వడ్డీ పక్కన లెక్క కడుతూనే ఉన్నారట, గడువులోపు పూర్తిగా తీర్చకపోతే మొత్తం ఒకేసారి పడుతుందట. ఒప్పందంలో ఉంది, నేను చదవలేదు. ఇక్కడ దీన్ని డిఫర్డ్ ఇంట్రెస్ట్ అంటారు. ఈ మాట కాగితంలో ఎక్కడ కనపడినా పెన్ను కింద పెట్టెయ్.

వడ్డీ ఒక ఎత్తు, లెన్స్ ఇంకో ఎత్తు. ఉగాది వెళ్లిన వారానికి పాప పుట్టింది. మా అపార్ట్‌మెంట్‌లో పసుప్పచ్చటి దీపం తప్ప వెలుతురు లేదు. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్‌తో తీస్తే పాప చెయ్యి కదిలిన ప్రతిసారీ అలుక్కుపోయేది. జూమ్ చేసి ముఖం దగ్గరికి వెళితే అది ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ కన్ను పెద్దదవుతుంది). 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే దాదాపు పదింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. సరే అని అది పెట్టి బటన్ నొక్కితే చప్పుడే లేదు. ఫోకస్ కదలదు. పాడైందేమోనని షాపుకి పరిగెత్తాను. సంగతేమిటంటే ఆ పాత రకం లెన్స్‌లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు, దాన్ని తిప్పాల్సిన మోటారు డి40 బాడీలోనూ లేదు. అమ్మినవాడు చెప్పలేదు, నాకు అడగడం తెలియలేదు. ఆ లెన్స్‌తోనే నెలలు గడిపాను. వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) కింద ఎడమ పక్కన చిన్న పచ్చ చుక్క వెలిగేదాకా రింగ్ చేత్తో తిప్పడం, వెలిగేసరికి పాప తల తిప్పేయడం. పట్టుబట్టి నేర్చుకున్నాను. బారసాల ఫోటోలన్నీ అలా తీసినవే. డి40 ఉత్త 6 మెగాపిక్సెల్ కెమెరా, అయినా అందులో ఒకటి 8 బై 12 ప్రింట్ వేయించి హాల్లో పెట్టాం. ఈరోజుకీ వచ్చినవాళ్లు దాని ముందు ఆగుతారు. కాబట్టి మెగాపిక్సెళ్లు చూసి ఎక్కువ డబ్బు పెట్టకు.

ఇక నీ సంగతి. నువ్వు తీసేవి నలుగురు రూమ్మేట్స్, బతుకమ్మ రోజు కమ్యూనిటీ హాలు, వేసవిలో అమ్మానాన్న వస్తే నయాగరా. నయాగరాకి పట్టపగలు నీ ఫోన్ చాలు. డీఎస్ఎల్ఆర్ పనికొచ్చేది ఆ హాల్లో, ఆ గదిలో. 2018లో నికాన్, కెనాన్ రెండూ లెన్స్ బిగించే చోటు (మౌంట్) మార్చి ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు, అంటే పెద్ద సెన్సర్ (ఫోటో పడే చిప్పు) ఉండి లోపల అద్దం లేనివి, తెచ్చాయి. ఆ వైపు మారినవాళ్లు పాత డీఎస్ఎల్ఆర్‌లు అమ్ముకుంటున్నారు. ఓపిగ్గా వెతికితే ఐదారు వందల్లో బాడీ, ఒక ఎఫ్ 1.8 లేదా ఎఫ్ 2 లెన్స్ రెండూ దొరుకుతాయి. నికాన్ అయితే డి7100, డి7200ల్లో మోటారు ఉంది, డి3000, డి5000 వరసల్లో లేదు. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లకి ఆ గొడవే లేదు, మోటారు లెన్స్‌లోనే ఉంటుంది. ఈ కెమెరాల్లో సెన్సర్ చిన్నది కాబట్టి 50 ఎంఎం పెడితే నీ గదిలో వీపు గోడకి ఆనుతుంది. 35 ఎంఎం తీసుకో. వారంటీ, ట్రైపాడ్, ఫిల్టర్లు ఏవీ వద్దు.

పుట్టినరోజులకి ఫోటోలు తీసి ఖర్చు రాబట్టుకుంటానని చివర్లో రాశావు. వీసా మీద ఉండి అలా డబ్బు తీసుకోవడం ప్రమాదం, మీ అటార్నీని అడగకుండా ఆ పని చెయ్యకు. ఇండియాకి తీసుకెళ్లేటప్పుడు కస్టమ్స్ పరిమితి వాళ్ల సైట్‌లో చూసుకో.

మిగిలిన పద్నాలుగు వందలూ నీ చదువు అప్పుకి కట్టు. ఆ అప్పు వడ్డీ ఎంతో నాకు రాయలేదు కానీ, నీకు తెలిసే ఉంటుంది.

పాత కెమెరా కొనేరోజు నీ మెమరీ కార్డు నువ్వే పట్టుకెళ్లు. లెన్స్‌ని దీపానికి అడ్డంగా పెట్టి లోపల సాలెగూడులాంటి బూజు ఉందేమో చూడు. ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడ ఒక ఫోటో తియ్యి, సెన్సర్ మీద దుమ్ముంటే నల్ల చుక్కలు కనపడతాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో (అంటే ఎన్ని ఫోటోలు తీసిందో) చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, లక్ష దాటితే బేరం ఆపెయ్. అన్నీ బాగుంటేనే డబ్బియ్యి, అదీ నీ ఖాతాలో ఉన్న డబ్బే.