మంచులోకి పోయే మేనల్లుడికి

కావలి

అబ్బయ్యా,

పికప్ వెనక గది కట్టించి, సంక్రాంతి పోయాక హిమాచల్ కొండల్లోని స్పితి పోతండావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆమె గొంతులో భయం, నాకేమో మీసం మీదకి చెయ్యి పోయింది. మన ఇంట్లో స్టీరింగు పిచ్చి నాతోనే ఆఖరనుకున్నా. ఆ సంబరం ఓ గంట, తర్వాత నిద్ర పట్టలా. నవంబరు ముసురుకే మంకీ క్యాపు వెతుక్కునే జాతిరా మనది! స్పితిలో ఉండే కాజా ఊళ్లో జనవరి రాత్రి మైనస్ 20కి పడిపోతుంది.

మనాలి వైపు నుంచి పోకు, కుంజుం కనుమ చలికాలమంతా మూసే ఉంటుంది. షిమ్లా, రికాంగ్ పియో మీదుగా పో. చక్రాలకు గొలుసులు, ఒక పార పెట్టుకో. హ్యాండ్‌బ్రేకు వేసి పడుకుంటే తెల్లారికి పట్టేస్తుంది. గేరులో ఉంచి చక్రాల కింద రాళ్లు పెట్టు. నీళ్ల ట్యాంకు ఖాళీ చెయ్యి. లిథియం బ్యాటరీని సున్నా కింద చార్జి చేశావంటే పాడవుద్ది.

మామూలు డీజిల్ చలికి మైనం కట్టి ఫిల్టరు మూసేస్తుంది. లారీ తోలే రోజుల్లో మేం ట్యాంకు కింద మంట పెట్టేవాళ్లం (నువ్వు మాత్రం పెట్టకు). 2019లో లడఖ్ కోసం మైనస్ 33లోనూ పారే డీజిల్ తెచ్చారు. పైకెక్కేముందు చలికాలం డీజిల్ యాడ దొరుకుద్దో అక్కడి డ్రైవర్లనడుగు.

ఇక గ్యాసు. మన సిలిండర్లో ఎక్కువ భాగం బ్యూటేన్, సున్నాకి దిగితే అది ఆవిరి కాదు. సిలిండర్ బరువుగానే ఉంటుంది, పొయ్యి మాత్రం వెలగదు. నా భయమంతా అక్కడే మొదలు. పొయ్యి వెలగని రాత్రే మనిషికి నిప్పులు లోపల పెట్టుకుందామనే బుద్ధి పుడుతుంది.

గూడూరు నిమ్మకాయలు ఢిల్లీలో దించి, దొరికిన లోడుతో కాశ్మీరు పోయి, ఆపిళ్లు ఎత్తుకొచ్చేవాళ్లం. ఒక ఏడు మంచు పడి ఖాజీగుండ్ దగ్గర బళ్లన్నీ నిలిపేశారు. మా ముందు లారీ కనిగిరి వైపువాళ్లది. డ్రైవరు దాబాలో బొగ్గుల కుంపటి అడిగి తెచ్చుకుని, అద్దాలెత్తి, సందుల్లో గుడ్డలు కుక్కాడు. కొంచెం అద్దం దించరా అంటే, "వచ్చిన వేడిని బయటికి పంపమంటావా మామా" అని నవ్వాడు. పొద్దున టీ తీసుకుపోయి తలుపు కొడితే పలకలా. దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నట్టే ఉన్నాడు. క్లీనరు కింద, తలుపు వారన పడుకున్నాడు. అక్కడ రబ్బరు ఊడిపోయి ఉంది, ఆ సందుకి గుడ్డ చాలలేదంట. వాడు వాంతులు చేసుకుని బతికాడు. కనిగిరికి ట్రంకాల్ చేసి ఆ ఇంట్లోవాళ్లతో మాట్లాడింది నేనే. ఏం చెప్పానో ఇప్పుడు అడగకు.

పొగైతే దగ్గొచ్చి లేస్తాం. ఎర్రగా కాలే నిప్పుకి పొగ రాదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, రక్తంలో ఆక్సిజన్ చోటు అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, వికారం వస్తాయి. మూడున్నర వేల మీటర్ల పైన ఎత్తుకీ అవే వస్తాయి గనక, కొండ ఎక్కినందుకేలే అని పడుకుంటావు.

డీజిల్ హీటరు పెట్టించావంట, మంచిదే. దాని పొగగొట్టం బయటికే ఉండాలి, మంచు కప్పిందేమో పడుకునేముందు చూడు. పైకిటికీ వేలెడు తెరిచి ఉంచు. ఊపిరి తేమ గోడలకి గడ్డకట్టడం కూడా తగ్గుతుంది. బ్యాటరీ నీరసిస్తే హీటరూ ఆగుద్ది. అప్పుడు ఆ చలికి తగ్గ స్లీపింగ్ బ్యాగే దిక్కు, పొయ్యి కాదు. దానికీ ఆగకపోతే ఊళ్లో తలుపు కొట్టు. వాళ్ల ఇళ్లల్లో పొగగొట్టం ఉన్న తందూరు (గది వెచ్చబెట్టే పొయ్యి) ఉంటుంది. మొహమాటపడి చావకు, మీ తాత మొండితనం నీకూ వచ్చింది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం కొను, బిల్లు నాకు పంపు. తలగడ పక్కనే పెట్టాలి. బటన్ నొక్కి ఆ కూత నాకు ఫోన్‌లో వినిపించు. అది నా చెవిన పడేదాకా, వాణ్ణి పోనీలేమ్మా అని మీ అమ్మతో నేననను.

మీ మామ